బాడుగ ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతున్న సమానత్వం

ప్రభుత్వ ఉద్యోగికి జీతంతోపాటు ఇంటి అద్దె భత్యం వస్తుంది. చదువుకునే పిల్లలకు వసతి కోసం కొంత సాయం అందుతుంది. వృద్ధులకు, వితంతువులకు నెలనెలా పింఛను వస్తుంది. సొంతిల్లు లేని పేదకు స్థలం పట్టా, కట్టుకోవడానికి కొంత సొమ్ము మంజూరవుతాయి. పేర్లు వేరైనా వీటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే: మనిషన్నవాడికి తలదాచుకునే చోటు ఉండాలి. అయితే ఈ సొమ్ము చేత పట్టుకుని బాడుగ ఇంటి కోసం బయలుదేరిన మనిషిది ముస్లిం పేరైతే ఏమవుతుందన్న ప్రశ్న ఏ పథకం మార్గదర్శకాలలోనూ కనిపించదు. ప్రభుత్వం భత్యం ఇస్తుంది గాని తలుపు తెరిపించదు. తలుపు తెరుచుకోని చోట భత్యానికి విలువ లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన సంగతి ఇదే.

పేరు విన్న తరువాత మారే మాట

మా సింహాద్రిపురం లాంటి మండల కేంద్రాలలో ఒకప్పుడు బాడుగ ఇంటి సమస్య పెద్దగా ఉండేది కాదు. ఊరివాళ్లకు ఊళ్లో ఇళ్లుండేవి. బయటినుంచి వచ్చే ఉపాధ్యాయుడో, కరెంటు లైన్‌మనో, ఆసుపత్రి నర్సమ్మో ఉంటే ఎవరో ఒకరు తమ ఇంటి పక్క భాగం ఇచ్చేవారు. ఇప్పుడు పరిస్థితి వేరు. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు లక్షకు పైగా యువతీ యువకులు కొత్తగా ఉద్యోగాలలో చేరారు. వారిలో మన పిల్లలూ ఉన్నారు. చాలామందికి సొంత ఊరు కాక వేరే ఊరిలో పోస్టింగు వచ్చింది. పులివెందులలో ఇంజనీరింగు కళాశాల ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులలో డిగ్రీ చదివే పల్లె పిల్లలు వేలల్లో ఉంటారు. చీనీ తోటల పని తగ్గినప్పుడు, వేరుశనగ పంట ఎండినప్పుడు పట్నం చేరి ఆటో నడిపే, బంగారు అంగళ్లలో పని చేసే కుటుంబాలున్నాయి. వీరందరికీ మొదట కావలసింది బాడుగ ఇల్లే.

ఇల్లు వెతికే ఆ నాలుగు రోజులు ఎలా గడుస్తాయో మన పాఠకులకు వివరించనక్కరలేదు. టు-లెట్ బోర్డు మీదున్న నెంబరుకు ఫోను చేస్తే మొదట ఎంతమంది ఉంటారని, ఏం పని చేస్తారని అడుగుతారు. అంతవరకూ మాట సాఫీగా సాగుతుంది. ఆ తరువాత పేరు అడుగుతారు. పేరు చెప్పగానే అవతల ఒక్క క్షణం మౌనం. "నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయినారు సార్", "మా అబ్బాయి బెంగళూరునుంచి వచ్చేస్తున్నాడు", "మాకేం లేదు గాని పెద్దాయన ఒప్పుకోడు" అనే మాటలు వినిపిస్తాయి. కాస్త మొహమాటం లేనివారైతే "మీవాళ్లకు ఇవ్వం" అని నేరుగానే చెబుతారు. పదిహేను రోజుల తరువాత అదే దారిన వెళ్తే ఆ బోర్డు అక్కడే వేలాడుతూ ఉంటుంది.

ఇది మన ఊహా, నిజమా అని అడిగేవారి కోసం ఒక పరిశోధన సంగతి చెప్పాలి. ఆచార్య సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీలోనూ, దాని చుట్టూ ఉన్న నగరాలలోనూ బాడుగ ఇళ్ల యజమానులకు వేర్వేరు పేర్లతో ఫోన్లు చేయించి సమాధానాలు నమోదు చేశారు. ఆ ఫలితాలు 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చాయి. అగ్రవర్ణ హిందువుల పేర్లతో అడిగినవారిలో ఒక్కరికీ తిరస్కారం ఎదురుకాలేదు. దళితుల పేర్లతో అడిగినవారిలో 18 శాతానికి, ముస్లిం పేర్లతో అడిగినవారిలో 31 శాతానికి ఫోనులోనే లేదన్నారు. ఇల్లు ఇస్తామన్నవారిలోనూ బాడుగ పెంచినవారు, షరతులు పెట్టినవారు ఉన్నారు. ఫోను చేసిన మనుషుల జీతం, చదువు, నడత ఏవీ యజమానులకు తెలియవు. వారికి తెలిసింది పేరు ఒక్కటే.

అంతకు ముందే, 2006లో సచార్ కమిటీ తన నివేదికలో ఈ విషయం ప్రస్తావించింది. ముస్లిం అన్న గుర్తింపు ఇల్లు కొనడానికి, బాడుగకు తీసుకోవడానికి అడ్డు వస్తున్నదని దేశం నలుమూలలనుంచి తన ముందుకు వచ్చిన ఫిర్యాదులను నమోదు చేసింది. ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆ పేజీ మీద ప్రభుత్వాలు తీసుకున్న చర్య ఏదీ లేదు.

పింఛను మీద బతికే మనిషికి రెండు తాళాలు

పేరు ఒక తాళమైతే పేదరికం రెండవ తాళం. ఒంటరి స్త్రీ, వితంతువు, వికలాంగుడు, వృద్ధ దంపతులు బాడుగ ఇల్లు అడిగితే "పింఛను మీద బతికేవాళ్లు బాడుగ ఏం కడతారు?" అంటారు. ఈ అనుమానం ఎంతవరకు న్యాయమో లెక్క వేసి చూద్దాం.

మన రాష్ట్రంలో 2024 నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000 రూపాయలు పింఛను ఇస్తున్నారు. దాన్ని ఒకటవ తేదీన ఇంటి దగ్గరికే తెచ్చి చేతికిస్తున్నారు. ఒకటవ తేదీన కచ్చితంగా సొమ్ము చేతికందే మనుషులు మన సమాజంలో ఎందరున్నారు? కూలి పనికి పోయేవానికి వాన వస్తే పని లేదు. వ్యాపారికి అప్పులు వసూలు కావు. ప్రైవేటు ఉద్యోగికి రేపటి భరోసా లేదు. నెలకు 1,500 రూపాయల గది బాడుగను 4,000 రూపాయల పింఛనులోనుంచి కట్టడం కష్టమే గాని అసాధ్యం కాదు. అందులోనూ ఇల్లు పోతే మరొకటి దొరకదని తెలిసిన మనిషి కడుపు కట్టుకుని అయినా ముందు బాడుగే కడతాడు. ఆదాయం తక్కువ కావడం వేరు, నమ్మకం లేకపోవడం వేరు. మన యజమానులు ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

అయితే యజమాని భయంలో నిజమున్న చోటు కూడా ఒకటుంది. దాన్ని దాచితే మన వాదన బలహీనపడుతుంది. ప్రభుత్వ సాయం వేళకు రానప్పుడు ఆ భారం బాడుగకున్నవాని మీద, వాని ద్వారా యజమాని మీద పడుతుంది. 2020లో మొదలైన వసతి దీవెన పథకంలో డిగ్రీ, ఆపై చదువులవారికి ఏడాదికి 20,000 రూపాయలు, పాలిటెక్నిక్ వారికి 15,000, ఐటీఐ వారికి 10,000 రూపాయలు రెండు విడతలుగా తల్లుల ఖాతాలలో వేస్తామన్నారు. విడతలు ఆలస్యమైన సంగతి తల్లిదండ్రులందరికీ తెలుసు. బాడుగ నెలనెలా కట్టాలి, సాయం మాత్రం ఎప్పుడు వస్తుందో తెలియదు. అటువంటప్పుడు గది యజమాని "ఈ పథకాల పిల్లలు వద్దు" అనుకుంటే ఆ తప్పులో సగం ప్రభుత్వానిది. సాయం ప్రకటించినంత మాత్రాన చాలదు. అది బాడుగ తేదీకి చేతికందితేనే సాయం అవుతుంది.

ఇళ్ల పట్టాల సంగతీ ఇంతే. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా సుమారు 30 లక్షల మందికి ఇళ్ల స్థలాల పట్టాల పంపిణీ ప్రారంభమైంది. ఇల్లు కట్టుకోవడానికి ఒక్కో లబ్ధిదారుకు 1,80,000 రూపాయలు కేటాయించారు. ఆ సొమ్ముతో ఇల్లు పూర్తి కాదు. పునాది వేసి, గోడలు లేపి, చేతిలో డబ్బు అయిపోయి ఆగిన కుటుంబం అటు కట్టుబడి అప్పు తీరుస్తూ ఇటు బాడుగ కట్టాలి. సొంతింటి పథకం ఉంది కనుక బాడుగవాళ్ల బాధ తీరిందనుకోవడం పొరపాటు. ఆ ఇల్లు పూర్తయ్యేవరకు వాళ్లూ బాడుగవాళ్లే.

యజమానులు చెప్పే కారణాలు

మొదటి కారణం తిండి. "మేము మాంసం తినం, వాసన పడదు" అంటారు. నిజంగా శాకాహారులైన కుటుంబం తమ ఇంట్లోనే ఒక భాగం బాడుగకిచ్చేటప్పుడు ఈ మాట అంటే మనం గౌరవించాలి. వంట గది గోడ అవతల ఏం ఉడుకుతున్నదన్నది వారికి చిన్న విషయం కాదు. కాని మన రాయలసీమలో ఆదివారం నాడు సంగటిలోకి నాటుకోడి పులుసు వండుకునే ఇళ్లవారు కూడా ముస్లిం కుటుంబానికి ఇదే కారణం చెబుతున్నారు. అక్కడ అడ్డం వస్తున్నది వాసన కాదని ఇరువైపులా తెలుసు.

రెండవ కారణం పక్కవాళ్లు. "మాకు అభ్యంతరం లేదు, వీధిలోవాళ్లు ఏమంటారో" అంటారు. వీధిలో ఒక్కొక్కరినీ అడిగితే ప్రతివారూ పక్కింటి మీదే చెబుతారు. ఎవరికీ సొంతంగా అభ్యంతరం లేదు గాని అందరూ కలిస్తే మాత్రం ఇల్లు దొరకదు.

మూడవది భయం. బాడుగ ఎగ్గొడతారేమో, ఖాళీ చేయరేమో, ఏదైనా కేసులో ఇరుక్కుంటామేమో అని. ఈ భయం ఏ మతం మనిషి విషయంలోనైనా రావచ్చు. దానికి మందు రాతపూర్వకమైన ఒప్పందం, తగిన అడ్వాన్సు, ఆధార్ ప్రతి, ఊరిలో ఒక పెద్దమనిషి పూచీ. ఈ నాలుగూ ఇస్తామన్నా కాదంటే అప్పుడది భయం కాదు, వివక్ష.

నా ఉద్యోగ జీవితంలో నాకు ఎదురైన ఒక సంగతి చెబుతాను. బదిలీ మీద వెళ్లిన ఒక పట్టణంలో మూడు వారాలు తిరిగినా నాకు ఇల్లు దొరకలేదు. జీతం పట్టీ చూపించాను, మూడు నెలల అడ్వాన్సు ఇస్తానన్నాను, ప్రయోజనం లేకపోయింది. మా కార్యాలయంలో అటెండరుగా ఉన్న ఒక హిందూ సోదరుడు నా వెంట వచ్చి ఒక యజమానురాలితో "అమ్మా, ఈ సారుకు నేను పూచీ. బాడుగ రాకుంటే నా జీతంలో పట్టుకో" అన్నాడు. ఆమె తాళం చెవి ఇచ్చింది. నాలుగేళ్లు ఆ ఇంట్లో ఉన్నాం. రంజాన్ సేమ్యాలు అటు, సంక్రాంతి అరిసెలు ఇటు నడిచాయి. ఆ నాలుగేళ్లూ ప్రభుత్వం నాకు ఇంటి అద్దె భత్యం ఇచ్చింది. ఇల్లు మాత్రం ఇప్పించింది నాకంటే తక్కువ జీతమున్న ఒక మనిషి మాట. మన ప్రాంతంలో ఆ మాట ఇచ్చేవారు ఇంకా ఉన్నారు. కాని ఒక పౌరుని హక్కు ఎవరో దయగల మనిషి దొరకడం మీద ఆధారపడకూడదు.

చట్టం ఎక్కడ ఆగిపోయింది

మన రాజ్యాంగం 15వ అధికరణం మతం, కులం, పుట్టిన చోటు వంటి కారణాలతో రాజ్యం ఎవరిపట్లా వివక్ష చూపరాదన్నది. అదే అధికరణం రెండవ క్లాజు దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్లు వంటి చోట్ల ప్రైవేటు వ్యక్తులు సైతం అడ్డు పెట్టరాదన్నది. బాడుగ ఇల్లు ఆ జాబితాలో పేరు పెట్టి లేదు. దుకాణం అన్న మాటను విశాలమైన అర్థంలో, సేవలందించే చోట్లన్నిటికీ వర్తించేలా చూడాలని రాజ్యాంగ సభలోనే డాక్టర్ అంబేద్కర్ వివరించారు. 2011లో ఒక వైద్య కళాశాల ప్రవేశాల కేసులో సుప్రీంకోర్టు ఆ విశాలార్థాన్నే స్వీకరించింది. డబ్బు తీసుకుని ఇల్లు ఇచ్చే వ్యాపారానికీ ఆ అర్థం వర్తించాలని వాదించడానికి దారి ఉంది. ఆ వాదన ఇంకా గెలవవలసి ఉంది.

ఎదురు దారిలో 2005 నాటి తీర్పు ఒకటుంది. అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం తమ మతస్థులకే సభ్యత్వమన్న నియమం పెట్టుకుంటే సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చిన్న మైనారిటీ తన ఉనికిని కాపాడుకోవడానికి పెట్టుకున్న నియమమది. కాని అదే తర్కాన్ని పట్టుకుని బలమైనవారు బలహీనులను బయట నిలబెడితే ఏమవుతుందో ఆలోచించాలి.

ఇక్కడ మరొక చట్టాన్ని గుర్తు చేయాలి. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్, అంటరానితనం పేరుతో ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోవడానికి, పొందడానికి, అందులో ఉండడానికి అడ్డుపడడాన్ని నేరమన్నది. అంటే ఇల్లు నిరాకరించడం కేవలం యజమాని ఇష్టాయిష్టాల విషయం కాదని మన చట్టసభలు డెబ్బయి ఏళ్ల క్రితమే అంగీకరించాయి. ఆచరణలో దళిత సోదరులకు ఈ రక్షణ పూర్తిగా అందడం లేదు. అయినా సూత్రం మాత్రం చట్టంలో ఉంది. మతం పేరుతో జరిగే నిరాకరణకు ఆ సూత్రాన్ని ఎందుకు విస్తరించరన్నదే మన ప్రశ్న.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాస గృహాలకు రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోరాదని, ఒప్పందం రాతలో ఉండాలని, తగాదాల కోసం ప్రత్యేక అధికారి ఉండాలని అందులో ఉంది. మంచి నిబంధనలే. కాని ఇవన్నీ ఇల్లు దొరికిన తరువాతి సంగతులు. మతం, కులం, వైవాహిక స్థితి, ఆదాయ మార్గం చూసి ఇల్లు నిరాకరించరాదన్న ఒక్క వాక్యం అందులో లేదు.

ప్రభుత్వమే కట్టించి ఇచ్చిన ఇంట్లో కూడా ఈ అడ్డు వస్తున్నది. గుజరాత్‌లోని వడోదర హర్నీ ప్రాంతంలో నగరపాలక సంస్థ ముఖ్యమంత్రి ఆవాస యోజన కింద 462 ఇళ్ల సముదాయం కట్టింది. అందులో ఒక ముస్లిం మహిళకు నిబంధనల ప్రకారం 2017లో ఒక ఇల్లు కేటాయించారు. ఆమె రావడానికి వీల్లేదని అక్కడివారు కొందరు అధికారులకు అర్జీలు పెట్టారు. 2024 జూన్‌లో నిరసనకు దిగారు. ఇక్కడ యజమాని ఏ ప్రైవేటు వ్యక్తీ కాదు, ప్రభుత్వమే. అంటే 15వ అధికరణం నేరుగా వర్తించే చోటు. అక్కడే హక్కు నిలబడకపోతే ప్రైవేటు ఇంటి గుమ్మం దగ్గర ఎలా నిలబడుతుంది?

ఇతర దేశాలు ఏం చేశాయి

ఇల్లు యజమాని సొంత ఆస్తి కదా, ఇవ్వమని ఎలా బలవంతపెడతారు అనేవారున్నారు. అమెరికాలో 1968లో వచ్చిన న్యాయ గృహవసతి చట్టం జాతి, మతం వంటి కారణాలతో ఇల్లు నిరాకరించరాదన్నది. అయితే యజమాని తానూ ఉంటూ కొద్ది భాగాలు మాత్రమే బాడుగకిచ్చే చిన్న ఇళ్లకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది. మనిషి సొంత గూటిలోని ఇష్టాన్ని గౌరవిస్తూనే, బాడుగను వ్యాపారంగా చేసేవారికి నియమం పెట్టవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

బ్రిటన్‌లో సమస్య మరో రూపంలో ఉండేది. ప్రభుత్వం ఇచ్చే గృహ భత్యంతో బాడుగ కట్టేవారికి ఇల్లు ఇవ్వబోమని ప్రకటనలలోనే రాసేవారు. 2020లో యార్క్ కౌంటీ కోర్టు అటువంటి గంపగుత్త నిషేధం చట్టవిరుద్ధమన్నది. భత్యం మీద ఆధారపడేవారిలో స్త్రీలు, వికలాంగులు ఎక్కువ కనుక పైకి అందరికీ ఒకటే అనిపించే ఆ నియమం వారిపట్ల వివక్షే అవుతుందని కోర్టు గుర్తించింది. 2025లో ఇంగ్లండు కోసం చేసిన బాడుగదారుల హక్కుల చట్టంలో ప్రభుత్వ సాయం పొందుతున్నారన్న కారణంతో, పిల్లలున్నారన్న కారణంతో ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించారు. మనకు ఇందులో పాఠముంది. "పింఛను మీద బతికేవాళ్లకు ఇవ్వం" అనే మాట పైకి మతం మాట కాదు. కాని ఆ మాట ఎవరి మీద పడుతున్నదో లెక్క తీస్తే దాని అసలు రూపం బయటపడుతుంది.

మన తలుపుల సంగతి

ఇంతవరకు ఇతరుల గుమ్మాల గురించి మాట్లాడుకున్నాం. మన గుమ్మాల గురించి మాట్లాడకుండా వ్యాసం ముగిస్తే అది న్యాయం కాదు.

బయటి వీధులలో ఇల్లు దొరకని కుటుంబాలన్నీ మన నాలుగు వీధులకే వస్తాయి. అడిగేవారు పెరిగేకొద్దీ బాడుగ పెరుగుతుంది. వేరే దారి లేదని తెలిసి మనవాళ్లే అడ్వాన్సు పెంచుతున్నారు. ఒకే గదికి పక్క వీధిలో కంటే మన వీధిలో ఎక్కువ బాడుగ ఉన్న చోట్లు ప్రతి పట్టణంలో చూడవచ్చు. అంటే బయటివారి వివక్ష వల్ల వచ్చే లాభం కొంత మన జేబులలోకే పోతున్నది. మన యజమానులలో విడాకులు తీసుకున్న స్త్రీకి ఇల్లు ఇవ్వనివారున్నారు. "మగదిక్కు లేదు" అంటారు. దూదేకుల కుటుంబాన్ని చిన్నచూపు చూసేవారున్నారు. దళిత కుటుంబానికి లేదనే ముస్లిం ఇళ్లూ ఉన్నాయి. మనకు జరిగితే వివక్ష, మనం చేస్తే జాగ్రత్త అంటే ఎవరూ ఒప్పుకోరు. అల్లాహ్ అసలే ఒప్పుకోడు. దివ్య ఖుర్‌ఆన్ అన్-నిసా అధ్యాయం 36వ వాక్యంలో మేలు చేయవలసినవారి వరుసలో బంధువైన పొరుగువానితోపాటు పరాయివాడైన పొరుగువాడూ ఉన్నాడు. మక్కానుంచి కట్టుబట్టలతో వచ్చినవారికి మదీనా అన్సార్లు తమ ఇళ్లలో చోటు ఇచ్చారని మన పిల్లలకు కథలుగా చెప్పుకుంటున్నాం. ఆ కథ చెప్పే నోటితోనే పింఛను మీద బతికే ముసలమ్మను వెనక్కు పంపరాదు.

వక్ఫ్ ఆస్తుల మాట కూడా ఇక్కడే రావాలి. దేశంలోని వక్ఫ్ ఆస్తులను సరిగా వినియోగిస్తే ఏడాదికి 12,000 కోట్ల రూపాయల రాబడి రావచ్చని, వస్తున్నది మాత్రం 163 కోట్లేనని సచార్ కమిటీ అంచనా కట్టింది. ఉద్యోగినులకు, చదువుకునే ఆడపిల్లలకు వసతి గృహాలు కట్టడానికి తగిన వక్ఫ్ స్థలాలు పట్టణాలలో ఉన్నాయి. వాటి గురించి సమావేశాలలో తీర్మానాలు చేయడం మాని ఒక్క పట్టణంలో ఒక్క భవనమైనా లేపితే అది పది తీర్మానాలకు సాటి.

చేయవలసిన పనులు

ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాగా నాకు తెలిసిన నిజం ఒకటుంది. కాగితం మీదికి ఎక్కని బాధ ప్రభుత్వం దృష్టిలో లేని బాధే. ఇల్లు నిరాకరించబడిన ప్రతి కుటుంబమూ మనసులో కుమిలిపోయి మరో వీధికి పోతున్నది గాని ఎవరూ రాసి పెట్టడం లేదు. అందుకే మొదటి పని నమోదు. ప్రతి పట్టణంలో ఒక పుస్తకం పెట్టి తేదీ, వీధి, చెప్పిన కారణం, అడిగినవారి వృత్తి రాయాలి. యజమానుల పేర్లు బజారున పెట్టడానికి కాదు, శత్రుత్వం పెంచడానికి అసలే కాదు. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకాన్ని రాష్ట్ర మైనారిటీ కమిషను ముందు, మన శాసనసభ్యుల ముందు పెట్టడానికి. లెక్క ఉంటే జవాబు అడగవచ్చు.

రెండవది పూచీ. ప్రతి మసీదు కమిటీలో ముగ్గురు నలుగురు పెద్దలు పూచీ సంఘంగా ఏర్పడాలి. మంచి నడత ఉన్న కుటుంబానికి, విద్యార్థికి, ఉద్యోగినికి తామే వెంట వెళ్లి యజమానితో మాట్లాడాలి. ఆ సంఘంలో ఊరిలో పలుకుబడి ఉన్న హిందూ, క్రైస్తవ పెద్దలనూ కలుపుకోవాలి. ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వెళ్లే జిల్లా ఇది. కడప పెద్ద దర్గాకు హిందువులు వచ్చే జిల్లా ఇది. ఊళ్లో మామా, చిన్నాయనా అని వరుసలు కలిపి పిలుచుకునే మనుషులను ఇంటి విషయంలో మాట సాయం అడగడానికి సంకోచం ఎందుకు? అడ్వాన్సు కట్టలేని వితంతువుకు, విద్యార్థికి బైతుల్‌మాల్‌నుంచి ఖర్జె హసనాగా ఆ సొమ్ము ఇచ్చి నెలకు కొంతగా తిరిగి తీసుకోవచ్చు.

మూడవది మన బాధ్యత. తీసుకున్న ఇంటిని శుభ్రంగా ఉంచడం, ఒకటవ వారంలోనే బాడుగ కట్టడం, ఒప్పందం రాసుకోవడం, చెప్పిన గడువుకు ఖాళీ చేయడం మన చేతిలో ఉన్న పనులు. ఇది అందరి బాధ్యత. ఒకరు తప్పు చేస్తే ఆ మచ్చ మనవాళ్లందరి మీదా వేయడం అన్యాయమే. అయినా తరువాత ఇల్లు అడగబోయే కుటుంబం కోసమైనా మనం జాగ్రత్తగా ఉండాలి.

నాలుగవది చట్టం. మతం, కులం, వైవాహిక స్థితి, ప్రభుత్వ సాయం మీద ఆధారపడడం అన్న కారణాలతో ఇల్లు నిరాకరించరాదన్న నిబంధనను రాష్ట్ర అద్దె చట్టంలో చేర్చాలని అడగాలి. యజమాని తానుండే ఇంటిలోనే ఒక గది ఇచ్చే సందర్భాన్ని అందులోనుంచి మినహాయించవచ్చు. ఇది ముస్లింల కోసం మాత్రమే అడిగే వరం కాదు. దళితునికి, ఒంటరి స్త్రీకి, వికలాంగునికి, ఈశాన్య రాష్ట్రాలనుంచి చదువుకు వచ్చే పిల్లలకు, పరాయి రాష్ట్రంలో బతికే మన తెలుగువారికి కూడా ఇదే రక్షణ. అందరినీ కలుపుకుని అడిగితేనే ఆ మాటకు బలం వస్తుంది.

ఐదవది ప్రభుత్వం తానుగా చేయగలిగినది. వసతి సాయం విడతలు విద్యా సంవత్సరం మొదట్లోనే ఇవ్వాలి. పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వంటి పట్టణాలలో మైనారిటీ బాలికల వసతి గృహాలలో సీట్లు పెంచాలి. వేరే మండలానికి పోస్టింగు ఇచ్చే ఉద్యోగినులకు క్వార్టర్లు కట్టాలి. గుజరాత్‌లో జరిగినట్టు ఇక్కడ ప్రభుత్వ ఇళ్ల కాలనీలలో ఎవరైనా మతం పేరుతో అడ్డుపడితే ఆ కేటాయింపును అధికారులు దగ్గరుండి అమలు చేయాలి.

ఒకే మతంవారు ఒకే చోట గుమిగూడి బతకవలసి వస్తే నష్టం మనకే కాదు. ఆ పక్క వీధి పిల్లలు మన పిల్లలను చూడకుండా పెరుగుతారు. ఫోనులో వచ్చే వదంతి తప్ప మన గురించి వారికి వేరే ఏమీ తెలియదు. మన పిల్లలకూ వారి గురించి అంతే. ఒకే మెట్లు ఎక్కి దిగిన కుటుంబాల మధ్య అబద్ధం అంత సులువుగా నిలవదు. అందుకే బాడుగ ఇంటిని మనం చిన్న విషయంగా వదిలేయకూడదు. ఈ నెలలోనే ప్రతి మసీదు కమిటీ ఒక పుస్తకం తెరవాలని, ముగ్గురు పూచీదారుల పేర్లు రాయాలని, ఇల్లున్న ప్రతి సోదరుడూ తన టు-లెట్ బోర్డు కింద వచ్చి నిలబడే మనిషిని పేరు, పింఛను చూసి కాక మాట, నడత చూసి లోనికి పిలవాలని కోరుతున్నాను.